ఇంటి పెరట్లో ఆపిల్: కొట్లో రుచి చూసి మొక్క కొనకండి

మీరు అడిగింది ఇదీ. న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర కొత్తగా ఇల్లు కొన్నారు. పావు ఎకరం స్థలం, బంకమట్టి నేల, పొద్దుగుంకితే జింకలు వస్తాయి. పిల్లలకు హనీక్రిస్ప్ ఇష్టం కాబట్టి ఆ చెట్టు ఒకటి పెట్టాలని ఉంది. గుంటూరు నుంచి అమ్మానాన్న వస్తున్నారు, వాళ్ళు ఉండగా నాటితే బాగుంటుందనుకుంటున్నారు. ఒక్క చెట్టు చాలా, హనీక్రిస్ప్ కంటే మంచి రకం ఉందా, గుంటూరు ఇంట్లో కూడా ఒకటి పెట్టించవచ్చా అని అడిగారు.

నేను ఈ రాష్ట్రంలో ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాను. మా పెరట్లో ఇప్పుడు ఏడు ఆపిల్ చెట్లు కాస్తున్నాయి. వీటికి ముందు పెట్టినవి నాలుగు చచ్చిపోయాయి. అవి ఎందుకు పోయాయో ఒక్కొక్కటే తెలుసుకున్నాక పెట్టినవే ఈ ఏడూ. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. ఆపిల్ చెట్టు విషయంలో తప్పు జరిగితే అది తెలియడానికి నాలుగేళ్ళు పడుతుంది, ఆ నాలుగేళ్ళు తిరిగి రావు.

రకం ఎంచుకునేటప్పుడు అందరం రుచితో మొదలుపెడతాం. నా అనుభవంలో రుచి ఆఖరున చూడాల్సింది. మన వానలకు, మన తెగుళ్ళకు తట్టుకునే రకం ఏది అన్నది ముందు చూడాలి. ఆ తర్వాత దాన్ని ఏ వేరుమొక్క మీద, అంటే అంటుకు కింద వేరు ఇచ్చే మొక్క మీద, కట్టారో అడగాలి. పక్కన పుప్పొడి ఇచ్చే తోడు ఉందో లేదో చూసుకోవాలి. ఇవన్నీ దాటి నిలిచిన రకాల్లో మీ ఇంట్లోవాళ్ళ నాలుకకు నచ్చింది తీసుకోండి. అప్పటికీ మంచి రుచిగల రకాలు నాలుగైదు మిగులుతాయి.

ఎందుకిలా అంటున్నానో చెప్తాను. అమెరికాలో పండే ఆపిల్‌లో సగానికి పైగా వాషింగ్టన్ రాష్ట్రం నుంచే వస్తుంది. ఆ తోటలున్నది కాస్కేడ్ కొండలకు తూర్పు వైపు. వేసవిలో అక్కడ వాన దాదాపు ఉండదు, వేరుకు నీళ్ళు పెడతారు, ఆకు పొడిగా ఉంటుంది. మన దగ్గర ఏప్రిల్ నుంచి జూన్ దాకా వానలు పడుతూనే ఉంటాయి. లేత ఆకు గంటల తరబడి తడిగా ఉంటే స్కాబ్ అనే బూజు తెగులు పట్టుకుంటుంది. మొదట ఆకు మీద ముదురు పచ్చ మచ్చ వస్తుంది, తర్వాత అది నల్లబడుతుంది. కాయ మీదికి పాకితే తొక్క పొలుసు కట్టి పగులుతుంది. తట్టుకోలేని రకమైతే జులై కల్లా సగం ఆకు రాల్చేస్తుంది. తూర్పు తీరంలో ఆపిల్ పండించే రైతులు ఈ ఒక్క తెగులు కోసమే ఏడాదికి పది పదిహేను సార్లు మందు కొట్టాల్సి వస్తుంది. ఉద్యోగం, పిల్లల క్లాసులు చూసుకుంటూ ఇంట్లో మనం అన్నిసార్లు కొట్టలేం. కొట్టినా ఆ కాయను పిల్లలకు చెట్టు మీంచి కోసి ఇవ్వాలంటే మనసొప్పదు.

స్కాబ్ చెట్టును చంపదు, చిక్కిస్తుంది. చంపేది ఫైర్ బ్లైట్. ఇది బ్యాక్టీరియా వల్ల వస్తుంది. నా మొదటి చెట్టు దీంతోనే పోయింది. ఒకే చెట్టుకు నాలుగు రకాలు అంటు కట్టి అమ్ముతారు చూడండి, అలాంటిది ఒక పెద్ద కొట్లో కొన్నాను. గాలా, ఫూజీ, ఇంకో రెండు. నాలుగో ఏడు మే మొదట్లో పూత తెల్లగా విరగబూసింది. ఆ వారం వెచ్చగా ఉంది, రెండు రోజులు వాన పడింది. రెండు వారాలకు గాలా కొమ్మ మీద పూలగుత్తులు కమిలిపోయి కనిపించాయి. లేత చిగుళ్ళు నల్లబడి, చివర్లు ముసలివాళ్ళ చేతికర్ర పిడిలా కిందికి వంగాయి. ఆకులు మాత్రం రాలలేదు, అగ్గిలో కాల్చినట్టు కొమ్మనే పట్టుకుని వేలాడాయి. తెల్లవారి చూస్తే బెరడు మీద తేనె బొట్టులాంటి జిగురు. నీళ్ళు తక్కువయ్యాయేమో అనుకుని పైపు పెట్టాను, ఎరువు కూడా వేశాను. అది పెద్ద తప్పు. నత్రజని ఎరువుకు పుట్టే లేత చిగురే ఈ బ్యాక్టీరియాకు దారి. ఆగస్టు వచ్చేసరికి అది గాలా కొమ్మలోంచి కాండంలోకి, అక్కడి నుంచి వేరుమొక్కలోకి దిగింది. మిగతా మూడు రకాలూ దానితోపాటే పోయాయి. నాలుగు రకాల చెట్టు స్థలం కలిసొస్తుందని కొంటాం గానీ, వాటిలో బలహీనమైనది ఏదో ఆ చెట్టు ఆయుష్షు అంతే.

మీకు ఎప్పుడైనా ఆ వంపు కనిపిస్తే ఆగకండి. పొడిగా ఉన్న రోజు చూసుకుని, నల్లబడిన చోటికి కిందుగా అడుగు వరకు మంచి కొమ్మను కూడా కలిపి కోసేయండి. ప్రతి కోతకూ కత్తెరను ఆల్కహాల్‌తో తుడవండి. కోసినవి చెత్తబుట్టలో పడేయండి, కంపోస్టులో వద్దు.

ఇక రకాల సంగతి. 1945లో పర్డ్యూ, రట్గర్స్, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయాలు మూడూ కలిసి స్కాబ్ తగలని ఆపిల్ తయారుచేసే పని మొదలుపెట్టాయి. మలస్ ఫ్లోరిబుండా అనే అడవి క్రాబాపిల్‌లో ఉన్న నిరోధక జన్యువును తినే ఆపిల్‌లోకి తెచ్చారు. ఆ క్రాబాపిల్ కాయ బఠాణీ గింజంత ఉంటుంది. దాన్నుంచి చేతినిండా పట్టే పండు రావడానికి ఎన్ని తరాలు సంకరం చేశారో ఊహించండి. ఆ విశ్వవిద్యాలయాల మొదటి అక్షరాలు పి, ఆర్, ఐ. వాటిని గుర్తుగా రకాల పేర్లలో పెట్టారు: ప్రీమా, ప్రిసిల్లా, ప్రిస్టీన్, విలియమ్స్ ప్రైడ్, ఎంటర్‌ప్రైజ్. రట్గర్స్ మీ ఇంటికి నాలుగడుగుల దూరంలో ఉన్నట్టే. అక్కడివాళ్ళు మన వానల్ని దృష్టిలో పెట్టుకుని పని చేశారు కాబట్టి వాళ్ళ రకాలతో మొదలుపెట్టండి అంటాను.

ఎంటర్‌ప్రైజ్‌కు స్కాబ్ రాదు, ఫైర్ బ్లైట్‌ను గట్టిగా తట్టుకుంటుంది, ఆకుకు నారింజ మచ్చలు తెచ్చే రస్ట్ తెగులు కూడా దాని జోలికి పెద్దగా పోదు. ముదురు ఎరుపు, పెద్ద కాయ, అక్టోబర్ మధ్యలో కోతకొస్తుంది. తొక్క మందం, పిల్లలకు చెక్కు తీసి ఇవ్వాలి. చెట్టు మీంచి కోసిన రోజున రుచి మామూలుగా ఉంటుంది, నెల రోజులు ఫ్రిజ్‌లో ఉంచితే తీపి తేలుతుంది. మందు కొట్టే తీరిక అస్సలు లేనివాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే.

లిబర్టీ న్యూయార్క్ రాష్ట్రంలో జెనీవాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రం 1978లో విడుదల చేసిన రకం. స్కాబ్ రాదు, రస్ట్ రాదు, ఫైర్ బ్లైట్‌ను బాగానే తట్టుకుంటుంది. సెప్టెంబర్‌లో కోత. పులుపు తీపి సమంగా ఉండి కొరకగానే రసం కారుతుంది. ఎక్కువ రోజులు నిలవ ఉండదు, డిసెంబర్ దాటితే మెత్తబడుతుంది. కాయలు మరీ ఎక్కువగా పడతాయి, పిందెలు తుంచకపోతే అన్నీ నిమ్మకాయంతే వస్తాయి.

నాకు బాగా ఇష్టమైనది గోల్డ్‌రష్. ఇదీ ఆ మూడు విశ్వవిద్యాలయాల రకమే, 1990లలో వచ్చింది. గోల్డెన్ డెలిషియస్ దీని తల్లి. అక్టోబర్ చివరన, ఒక్కో ఏడు నవంబర్ మొదట్లో కోస్తాం. కోసిన రోజు కొరికితే పళ్ళు పులుస్తాయి, ఆకుపచ్చ మీద మట్టిరంగు చుక్కలతో చూడటానికి కూడా అందంగా ఉండదు. సంచిలో కట్టి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. సంక్రాంతికి తీయండి. తొక్క బంగారు రంగుకు తిరిగి ఉంటుంది, లోపల కండ ఇంకా కరకరలాడుతుంది, పులుపు తగ్గి తేనెలాంటి తీపి వచ్చి ఉంటుంది. మా ఇంట్లో మార్చి దాకా ఆగుతాయి. ఉగాది పచ్చడిలోకి మా ఆవిడ రెండేళ్ళుగా ఈ కాయే తరుగుతోంది. బయట ఇంకా చలిగా ఉన్న రోజున, మన పెరట్లో కాసిన కాయ ఆ పచ్చడిలో పడటం నాకు చాలా పెద్ద సంగతి.

గోల్డ్‌రష్‌కు లోపం లేకపోలేదు. సీడర్ ఆపిల్ రస్ట్‌కు అది సులువుగా లొంగుతుంది. ఈ తెగులు ఆపిల్ నుంచి ఆపిల్‌కు అంటదు. ఈస్టర్న్ రెడ్ సీడర్ అనే చెట్టు మీద ఒక కాలం, ఆపిల్ మీద ఒక కాలం బతుకుతుంది. వసంతంలో వాన వెలిసిన మర్నాడు సీడర్ చెట్టు కొమ్మలు చూడండి. గోధుమరంగు గడ్డల్లోంచి నారింజరంగు జెల్లీ కొమ్ములు సాగి, చెట్టుకు జిలేబీలు వేలాడదీసినట్టు ఉంటుంది. వాటిలోంచి వచ్చే తెగులు పొడి గాలికి ఎగిరి ఆపిల్ ఆకు మీద పడితే నారింజ మచ్చలు. మా వెనకింటివాళ్ళకు అలాంటి చెట్లు మూడున్నాయి. ఏటా నా గోల్డ్‌రష్ ఆకుకు మచ్చ పడుతుంది. మొగ్గ గులాబీ రంగుకు తిరిగినప్పుడు ఒకసారి, పూరేకులు రాలాక ఒకసారి మందు కొడతాను, డబ్బా మీద రాసిన మోతాదే. అంతకుమించి ఏమీ చెయ్యను, కాపు బాగానే వస్తుంది.

ఎండాకాలంలోనే ఒక చెట్టు కాయాలనుకుంటే విలియమ్స్ ప్రైడ్ ఆగస్టులో వస్తుంది, తెగుళ్ళను బాగా తట్టుకుంటుంది. అమ్మానాన్నలు వేసవిలో వచ్చి వెళ్ళే ఇళ్ళకు ఇది బాగా సరిపోతుంది. అక్టోబర్ రకాలే పెట్టుకుంటే వాళ్ళు కాయ కళ్ళ చూడకుండానే తిరిగి వెళ్ళిపోతారు.

ఇప్పుడు హనీక్రిస్ప్. మిన్నెసోటా విశ్వవిద్యాలయం 1960లో సంకరం చేసి 1991లో విడుదల చేసింది. అక్కడి చలికి పుట్టిన రకం. స్కాబ్ విషయంలో మరీ అన్యాయం కాదు. కానీ మన జులై వేడికి కాయ రంగు, కరకర రెండూ తగ్గుతాయి. కాయలో కాల్షియం చాలక తొక్క కింద గోధుమరంగు గుంటలు పడతాయి, దాన్ని బిట్టర్ పిట్ అంటారు, ఆ చోట చేదు. ఒక ఏడు విరగకాసి మరు ఏడు ఎగ్గొట్టడం దీని అలవాటు. ఎదుగుదల నెమ్మది. ఎండలు ముదిరేసరికి ఆకుల మీద పసుపు పచ్చ మరకలు వస్తాయి. అవి చూసి చాలామంది కంగారుపడి మందులు కొడతారు. అది తెగులు కాదు, ఆ రకం ఆకే అంత. పిల్లల కోసం పెట్టాలనుకుంటే పెట్టండి, నేను వద్దనను. రెండో చెట్టుగానో మూడో చెట్టుగానో పెట్టండి. మొదటి చెట్టుగా అది పెట్టి నిరాశపడి, ఆపిల్ మన వల్ల కాదని మానేసినవాళ్ళను నేను చూశాను.

ఎన్వీ, జాజ్ లాంటివి కొట్లో చూసి అడుగుతుంటారు. వాటి మొక్కలు ఒప్పందం ఉన్న రైతులకే ఇస్తారు, ఇంటి తోటకు దొరకవు. ఆ గింజలు నాటినా లాభం లేదు. చిన్నరసం టెంక వేస్తే అచ్చంగా ఆ చిన్నరసమే వస్తుందన్న నమ్మకం ఎలా ఉండదో, ఆపిల్ గింజ కూడా అంతే. పైగా కాపుకు ఏడెనిమిదేళ్ళు పడుతుంది.

గ్రానీ స్మిత్ గురించి విడిగా చెప్పాలి, మనవాళ్ళందరికీ మనసు దాని మీదే ఉంటుంది. పచ్చి మామిడి దొరకని ఊళ్ళలో పులిహోరకు, పప్పుకు, ఉగాది పచ్చడికి ఆదుకున్న కాయ అది. ముక్కలు కోసి ఆవపిండి, కారం, నూనె కలిపితే ఆ రోజు అచ్చం ఆవకాయలాగే ఉంటుంది. టెంక లేదు, పీచు లేదు కాబట్టి మూడు రోజులకు ముక్క మెత్తబడుతుంది, ఫ్రిజ్‌లో పెట్టుకుని వారం పది రోజుల్లో తినేయాలి. కానీ చెట్టుగా చూస్తే గ్రానీ స్మిత్ మన వాతావరణానికి తేలిక కాదు. స్కాబ్‌కు, ఫైర్ బ్లైట్‌కు రెంటికీ లొంగుతుంది. కాయ తయారవడానికి చాలా పొడుగాటి వేసవి కావాలి, ఇక్కడ నవంబర్ వచ్చేస్తుంది. పులుపే కావాలంటే అక్టోబర్‌లో కోసిన గోల్డ్‌రష్‌ను వారం లోపల వాడండి. పులిహోరలోకి తురిమి చివర నిమ్మకాయ అరచెక్క పిండితే పులుపు సరిపోతుంది. నా గ్రానీ స్మిత్ ఐదేళ్ళు బతికింది, ఆ ఐదేళ్ళలో నేను కోసినవి రెండు బుట్టలు.

వేరుమొక్క దగ్గరకు వద్దాం. ఇక్కడివాళ్ళు రూట్‌స్టాక్ అంటారు. రకం కాయను నిర్ణయిస్తే, చెట్టు ఎత్తునూ ఎన్నేళ్ళకు కాస్తుందన్నదాన్నీ బంకమట్టికి ఆగడాన్నీ వేరుమొక్క నిర్ణయిస్తుంది. ఇంగ్లండ్‌లో కెంట్ ప్రాంతంలోని ఈస్ట్ మాలింగ్ పరిశోధన కేంద్రం వీటిని వర్గీకరించి నంబర్లు ఇచ్చింది, ఎం.9, ఎం.26 అని మీరు చూసేవి అవే. ఎం.9 మీద చెట్టు ఎనిమిది పది అడుగులు దాటదు, మూడో ఏటే కాస్తుంది. కానీ వేరు బలం ఉండదు, జీవితాంతం గుంజకు కట్టి ఉంచాలి. ఎం.9, ఎం.26 రెండూ ఫైర్ బ్లైట్ వేరులోకి దిగితే నిలబడవు. ఎంఎం.106 మంచిదే గానీ నీరు నిలిచే బంకమట్టిలో మొదలు కుళ్ళుతుంది. నా రెండో చెట్టు అలాగే పోయింది. వసంతంలో ఆకు వేసింది, జూన్‌లో వాడింది, ఊపితే మొదలు దగ్గర బెరడు చేతికి ఊడొచ్చింది.

కార్నెల్ వాళ్ళు జెనీవాలో తయారుచేసిన జి వరుస వేరుమొక్కలు ఈ రెండు బాధలకూ తట్టుకునేలా చేసినవి. మీ నేలకు, మీ జింకలకు నేను జి.890 అంటాను. కత్తిరింపు చేస్తుంటే పన్నెండు పద్నాలుగు అడుగుల చెట్టు, నాలుగో ఏటికి కాపు. అది దొరక్కపోతే ఎంఎం.111. అదీ బంకమట్టికి ఆగుతుంది, కాస్త పెద్దదవుతుంది, కాపుకు ఇంకో రెండేళ్ళు ఆలస్యం.

జింకల మాట ఎందుకు తెచ్చానంటే, పొట్టి చెట్టు జింకకు ఎప్పటికీ అందుతూనే ఉంటుంది. దానికి పెరడంతా ఎనిమిదడుగుల కంచె కావాలి. మధ్యరకం చెట్టయితే మొదటి కొమ్మను ఐదడుగుల పైన ఉంచుకుని, మొదటి నాలుగేళ్ళు చుట్టూ ఐదడుగుల ఎత్తు వైరు కంచె గుండ్రంగా కట్టి కాపాడుకుంటే ఆ తర్వాత చెట్టు తన సంగతి తాను చూసుకుంటుంది. చలికాలంలో మంచు కింద ఎలుకల్లాంటి వోల్స్ మొదలు బెరడు గుండ్రంగా కొరికేస్తాయి. సన్న కన్నుల ఇనుప జాలీ మొదలు చుట్టూ చుట్టండి. నా మూడోది, నాలుగోది అడ్డుపెట్టకపోవడం వల్లే పోయాయి, ఒకటి జింకకు, ఒకటి వోల్స్‌కు.

ఒక్క చెట్టు చాలా అని అడిగారు. చాలదు. ఆపిల్‌కు తన పుప్పొడి తనకు పనికిరాదు, అదే రకం ఇంకోటి పెట్టినా పనికిరాదు. ఒకే సమయంలో పూసే వేరే రకం యాభై వంద అడుగుల లోపల ఉండాలి. పక్కింట్లో క్రాబాపిల్ ఉంటే అదీ సరిపోతుంది. జోనాగోల్డ్, మూత్సు లాంటి రకాల పుప్పొడి ఎవరికీ పనికిరాదు, వాటిని తోడుగా లెక్కపెట్టకండి. పూతలో లిబర్టీ కాస్త ముందు, గోల్డ్‌రష్ కాస్త వెనక, ఎంటర్‌ప్రైజ్ మధ్యలో నిలిచి రెంటికీ కలుస్తుంది. పావు ఎకరంలో పన్నెండు పదిహేను అడుగుల ఎడంతో ఈ మూడూ హాయిగా పడతాయి. రెండే పెట్టగలిగితే ఎంటర్‌ప్రైజ్, గోల్డ్‌రష్. పూత ఉన్నన్నాళ్ళూ పురుగుమందు మాట తలపెట్టకండి, తేనెటీగలు రావాలి.

నాటే సమయం మార్చి చివర నుంచి ఏప్రిల్ దాకా. వేర్లకు మట్టి లేకుండా పంపే ఏడాది వయసు మొక్క, బొటనవేలంత లావు కాండం, అదే మంచిది. కుండీలో పెద్దగా పెరిగి కాయలతో నిగనిగలాడే మొక్క చూసి మోసపోవద్దు. రకం పేరుతో పాటు వేరుమొక్క పేరు కూడా రాసి అమ్మే నర్సరీలోనే కొనండి. డిసెంబర్, జనవరిలోనే చెప్పిపెట్టుకోవాలి, ఫిబ్రవరికి మంచివి అయిపోతాయి. అమ్మానాన్న ఏప్రిల్ మొదటికే వస్తే నాన్నగారి చేత నాటించండి. జూన్‌లో వస్తే వాళ్ళ కోసం ఆపకుండా మీరే నాటేసి, వాళ్ళ చేత నీళ్ళు పోయించండి.

తవ్వే ముందు 811కు ఫోన్ చేస్తే గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తు పెట్టి వెళ్తారు. రట్గర్స్ మట్టి పరీక్ష కేంద్రానికి మట్టి పంపండి. ఈ రాష్ట్రంలో పాత ఆపిల్ తోటలు కొట్టేసి ఇళ్ళు కట్టిన చోట్లున్నాయి, గత శతాబ్దం మొదటి సగంలో ఆ తోటల్లో లెడ్ ఆర్సెనేట్ కొట్టేవారు. సీసం పరీక్ష కూడా చేయించుకుంటే పిల్లలున్న ఇంట్లో నిశ్చింతగా ఉంటుంది.

గొయ్యి వెడల్పుగా తవ్వండి, లోతు అక్కర్లేదు. బంకమట్టిలో లోతు గొయ్యి తీసి పేడ ఎరువు నింపితే అది నీళ్ళ తొట్టిలా నిలిచి వేరు కుళ్ళుతుంది. కొద్దిగా మిట్ట చేసి దాని మీద నాటండి. అంటు కట్టిన బుడిపె మట్టికి నాలుగు వేళ్ళ పైన కనబడాలి. అది మట్టిలో పూడితే పై రకమే సొంత వేరు వేసుకుంటుంది, మనం ఏరికోరి కొన్న వేరుమొక్క గుణం పోతుంది. అమ్మగారు మన ఊరి అలవాటుగా పాదు చేసి, మొదలు చుట్టూ మట్టి ఎగదోస్తారు. మా అమ్మా అలాగే చేసింది. దగ్గర కూర్చోబెట్టి ఆ బుడిపె చేత్తో తడిమించి చెప్పాను. ఆ తర్వాత ఆమె ఇక్కడున్నంత కాలం రోజూ పొద్దున అది కనబడుతోందో లేదో చూసొచ్చేది.

మొదటి రెండేళ్ళు పిందెలన్నీ తుంచేయండి. కష్టమే, అయినా తుంచండి, చెట్టు ముందు కొమ్మ కట్టుకోవాలి. కాపు మొదలయ్యాక గుత్తికి ఒక్క కాయ, కాయకూ కాయకూ ఆరంగుళాలు. మిగిలిన పిందె రేగిపండంత అయినప్పుడు ఒక్కోదానికీ చిన్న సంచి తొడగండి. శాండ్‌విచ్ జిప్ సంచికి కింది మూలలు కత్తిరించి తొడిగినా చాలు. కాయను తొలిచే కాడ్లింగ్ మాత్‌కు, తొక్క మీద అర్ధచంద్రంలా గాటు పెట్టే ప్లం కర్క్యూలియోకు అదే అడ్డు. ఒక శనివారం పొద్దున పిల్లలతో కలిసి కూర్చుంటే వంద సంచులు అయిపోతాయి. లాంటర్న్‌ఫ్లై అనే రసం పీల్చే పురుగు గురించి అందరూ టెన్షన్ పడుతున్నారు, అది ద్రాక్షను చేసినంత చేటు ఆపిల్‌ను చెయ్యదు.

ఇదే ప్రశ్న వేరే ఊళ్ళ నుంచి కూడా అడుగుతుంటారు కాబట్టి నాలుగు మాటలు. డాలస్ వైపు వేడి, సున్నపు నేల, కాటన్ రూట్ రాట్ అనే వేరుకుళ్ళు సమస్య. గాలా, ఫూజీ, గ్రానీ స్మిత్ అక్కడ ప్రయత్నించవచ్చు. బే ఏరియాలో వేసవి పొడిగా, పొడుగ్గా ఉంటుంది, ఫూజీ, పింక్ లేడీ హాయిగా పండుతాయి. సియాటిల్ చినుకులకు లిబర్టీ. ఫీనిక్స్ ఎండలకు ఆనా, డోర్సెట్ గోల్డెన్.

ఆఖరుగా గుంటూరు. ఆపిల్ మొగ్గ విచ్చుకోవాలంటే చలికాలంలో ఇన్ని గంటలు చలి తగలాలని లెక్క ఉంటుంది. సున్నా నుంచి ఏడు డిగ్రీల సెల్సియస్ మధ్య గడిచిన గంటలు లెక్కపెడతారు. హనీక్రిస్ప్ లాంటివాటికి అది ఎనిమిది వందలు, వెయ్యి. ఇజ్రాయెల్‌లో పుట్టిన ఆనాకు, బహామాస్‌లో దొరికిన డోర్సెట్ గోల్డెన్‌కు రెండు మూడు వందలు చాలు. హిమాచల్‌లో బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమాన్ శర్మ గారు తక్కువ ఎత్తులో, వేడి ప్రాంతంలో కాసే హెచ్ఆర్ఎంఎన్-99 రకాన్ని ఎంపిక చేశారు, ఆయనకు 2025లో పద్మశ్రీ వచ్చింది. ఆ రకం మైదాన రాష్ట్రాలకూ వెళ్ళింది. ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో ఒక రైతు ఆపిల్ కాయించారు, లంబసింగి వైపు కూడా ప్రయత్నాలు జరిగాయి. అవి చలి పడే చోట్లు. గుంటూరులో జనవరి తెల్లవారుజామున కూడా ఆ చలి ఉండదు. ఆకు దూసి, నీళ్ళు ఆపి చెట్టును నిద్రపుచ్చే పద్ధతులు ఉన్నాయి, ఇండోనేషియాలో జావాలో అలాగే పండిస్తారు, కానీ అది రోజూ తోటలో ఉండేవాళ్ళ పని. వయసు మీదపడిన అమ్మానాన్నలకు ఆ బరువు పెట్టకండి. గుంటూరు పెరట్లో అంటు జామ, సీతాఫలం, స్థలం ఉంటే ఒక బంగినపల్లి పెట్టించండి.

మొక్కలు చెప్పిపెట్టే ముందు ఒక పని చేయండి. ఈసారి వాన వెలిశాక వీధి చుట్టూ నడిచి, మీ ఇంటికి రెండు మూడు వందల అడుగుల లోపల రెడ్ సీడర్ చెట్లు ఎన్నున్నాయో, పక్కిళ్ళలో క్రాబాపిల్ ఏమైనా ఉందో చూసి రాయండి. సీడర్లు మరీ దగ్గరగా, గుంపుగా ఉంటే గోల్డ్‌రష్ చోట విలియమ్స్ ప్రైడ్ పెడదాం.